కందులు ఇంటికి రానీ

తాండూరు
సెప్టెంబరు 20

వదినా,

పెట్టె వచ్చింది! ఫోన్ చేయకుండా కాగితం మీదే రాస్తున్నాను చూడు. ఫోన్లో అయితే నవ్వి తప్పించుకుంటానని, ప్రతి శనివారం మత్తయ్య బాబాయి చేతికి ఉత్తరం ఇవ్వాల్సిందేనని షరతు పెట్టావు కదా. పదిహేనేళ్ల తర్వాత ఉత్తరం రాస్తున్నాను, వేళ్లు నొప్పి పుడుతున్నాయి. ఫ్యాక్టరీలో రోజంతా లారీల లోడు రాసేదాన్నే, అయినా బండల గురించి రాయడం వేరు, వదినకు రాయడం వేరు.

బాబాయి మీ దగ్గర కూరగాయలు అమ్ముకుని సాయంత్రం బండి దిగి, ఆ రేకు పెట్టెను స్టేషన్ నుంచి షెడ్డు దాకా నెత్తిన మోసుకొచ్చాడు. వెనకాల పిల్లలు పెళ్లి ఊరేగింపులా. మా సేటు పాత పాలిష్ షెడ్డు ఇచ్చాడని చెప్పాను కదా, అయిదు గంటలకు మిషన్లు ఆగగానే అది మా బడి అయిపోతుంది. పగిలిన బండలే పీటలు, పగిలిన బండలే పలకలు. ముప్పై ఎనిమిది మంది వస్తున్నారు. అందరి అమ్మానాన్నలు బండ పనికో కంది చేలల్లో కూలికో పోయేవాళ్లే. బడి పుస్తకం తప్ప ఇంకో పుస్తకం ఏ ఇంట్లోనూ లేదు.

మూత తీశాను. నలభై పుస్తకాలు! ఒక్కరూ ముట్టుకోలేదు వదినా. తీసుకోండి అని నేను మూడుసార్లు అన్నాక నాగరాణి ముందుకు వచ్చింది. పదకొండేళ్ల పిల్ల. వాళ్ల నాన్న దేవప్ప, అమ్మ హన్మమ్మ మేకలు కాస్తారు, కంది కోతలప్పుడు కూలికి పోతారు. ఈ పిల్ల మేకల్ని దొడ్లో తోలి అందరికంటే ఆలస్యంగా వస్తుంది. ఒక పుస్తకం తీసి తెరవకుండా వాసన చూసి, "టీచరమ్మా, గిది కొత్త బట్టల వాసనొస్తుంది" అంది. అది సముద్రం పుస్తకం. ఇక అంతే, ముప్పై ఎనిమిది మందీ పెట్టె మీద పడ్డారు.

తల్లులు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఇంటికి తీస్కపోతే ఏమైతదో ఏమో, వద్దులే బిడ్డా" అని జంకారు. అప్పుడు నాకొక మంచి మాట తట్టింది. "పక్కింటి నుంచి గిన్నె చేబదులు తెచ్చుకోరా? ఇదీ గంతే. వాడుకోండ్రి, అయినంక తిరిగి ఇచ్చెయ్యుండ్రి" అన్నాను. అందరి మొహాలూ విప్పారాయి. "ఓ, గిన్నె లెక్కనా! గట్ల చెప్పు మరి" అంది భీమమ్మ. నా తెలివికి నాకే ముచ్చటేసింది. అన్నకు కూడా చెప్పు, వాళ్ల చెల్లెలు ఎంత బాగా చెప్పగలదో.

నీ ఆడబిడ్డ
నిరోషా

*

వికారాబాద్
సెప్టెంబరు 27

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, అందుకే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్న మూడుసార్లు చదివి, "మా నిరోషా తెలివి మాకు తెల్వదా" అని మీసం దువ్వుకున్నాడు. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పలేక ఏడ్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

నాకూ సంతోషంగానే ఉంది పిల్లా. కానీ ఇల్లు అలకగానే పండుగ కాదు. ఈ పుస్తకాల గది నాది కాదని నీకు తెలుసు. రిటైరైన టీచర్లు పది మంది చేరి నడుపుతున్నారు, నేను తాళాలు చూసుకుని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే మనిషిని. పెద్దదిక్కు మల్లికార్జున్ సార్. ఆయన హెడ్మాస్టర్‌గా ఉన్నప్పుడు గంట కొట్టకముందే పిల్లలు లైన్లో ఉండేవాళ్లట. ఇంతకుముందు మూడు చోట్లకు పెట్టెలు పంపారు. మూడూ తిరిగి రాలేదు. ఇక బయటికి ఒక్క పుస్తకం పోదని అప్పుడే ఆయన ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు ఎలా గట్టు దాటిందన్నది నీకు అనవసరం. ఎన్ని పుస్తకాలు తిరిగి పంపితే అన్ని కొత్తవి వస్తాయి. అదొక్కటే గుర్తు పెట్టుకో.

నాగరాణి సముద్రం చదివి ఏమందో రాయి.

మీ వదిన
పద్మారాణి

*

తాండూరు
అక్టోబరు 18

వదినా,

పదహారు పుస్తకాలు పంపుతున్నాను! వాటితోపాటు పదహారు సీతాఫలాలు. నేను అడగలేదు సుమా. పుస్తకం తెచ్చిన ప్రతి పిల్ల చేతిలోనూ, ప్రతి పిల్లవాడి చేతిలోనూ వాళ్లమ్మ ఒక కాయ పెట్టి పంపింది. అనంతగిరి కాయలు తినే మీకు మా గుట్టల కాయలు ఆనుతాయో లేదో గానీ, బాగా మాగాయి, వెంటనే తినెయ్యండి.

మిగతా ఇరవై నాలుగు ఏవని అడుగుతావు. చదువుతున్నారు వదినా, అంత ఇష్టంగా చదువుతున్నారు. తొందరపెట్టడం ఎందుకని నేనే ఊరుకున్నాను.

నాగరాణి సంగతి విను. గుట్ట మీద మేకల్ని మేపుతూ వాటికే సముద్రం చదివి వినిపిస్తోంది. నీళ్లు ఉప్పగా ఉంటాయని చదవగానే మేకలన్నీ తలెత్తి చూశాయట. "ఉప్పంటే మా మేకలకు పానం టీచరమ్మా, సముద్రం కాడికి తోల్కపోతే మళ్ల ఇంటికి రావు" అంది. సముద్రం తాండూరు నుంచి ఎంత దూరమని అడిగితే, ఫోన్లో చూసి చెప్పాను. వేళ్ల మీద రోజులు లెక్కేసుకుంది. మేకలతో నడిచి పోతే ఎన్ని రోజులని!

పొద్దున నుంచి సాయంత్రం అయిదు ఎప్పుడవుతుందా అని నేను గడియారం చూస్తుంటే మా సేటు అనుమానంగా చూస్తున్నాడు. ఇంత సంతోషం నేను ఏ పనిలోనూ ఎరగను.

నిరోషా

*

వికారాబాద్
అక్టోబరు 25

నిరోషా,

మేకల సముద్రం చదివి కడుపుబ్బ నవ్వాను. ఇక నవ్వులేని ముచ్చట.

నీ సీతాఫలాల్లో నాలుగు పెట్టెలోనే చితికిపోయాయి. ఏనుగు పుస్తకం అట్ట జిగురైంది. నేను తుడిచేలోపు చీమలు వచ్చాయి, చీమల వెనకే మల్లికార్జున్ సార్ వచ్చారు. ఏనుగును రెండు వేళ్లతో పట్టుకుని, "పద్మారాణీ, ఇది పుస్తకమా, పండ్ల గంపా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇకనుంచి పెట్టెలో పుస్తకం తప్ప ఇంకేమీ పెట్టవద్దని తల్లులకు గట్టిగా చెప్పు. పండ్లు గిండ్లు అసలే వద్దు.

పదహారు కొత్తవి పంపుతున్నాను. ఆ ఇరవై నాలుగు మాత్రం తొందరగా రావాలి. జనవరి ఇరవై అయిదున సార్ వాళ్ల మీటింగు. దౌల్తాబాద్ నుంచి ఒక పంతులమ్మ తన ఊరి పిల్లలకు పెట్టె కావాలని మూడు నెలలుగా తిరుగుతోంది. ఆ రోజుకు నలభై పుస్తకాలూ తిరిగి బల్ల మీదకు రాకపోతే తాండూరుకు ఇక పెట్టె ఉండదు, దౌల్తాబాద్‌కు పోతుంది. సార్ చెప్పేశారు, రాసుకున్నారు కూడా.

నా ఉత్తరాలు పిల్లలకు చదివి వినిపిస్తున్నావని బాబాయి చెప్పాడు. ఈ ముక్క చదవకు.

పద్మారాణి

*

తాండూరు
నవంబరు 29

వదినా,

పెట్టె ఎత్తగానే తేలిగ్గా ఉంటుంది. తెరవకముందే చెబుతున్నాను, ఖాళీ.

కిందటిసారి నీకు అబద్ధం రాశాను. పిల్లలు చదివేసి నెల దాటింది. తల్లులే ఇవ్వడం లేదు. నెల రోజుల నుంచి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఏ ఇంటికి పోయినా ఒకటే జవాబు, "ఇస్తం టీచరమ్మా, జర ఆగు." ఎందుకు ఆగాలమ్మా అంటే నేల చూపులు. పండ్లు పంపవద్దని నువ్వు రాసింది అందరికీ చెప్పాను. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క పుస్తకం రాలేదు. ఉన్న నలభైకి నలభై ఇళ్లలోనే ఉన్నాయి, లేదా లేవు.

లేవేమో అన్న భయంతో ఏం చేశానో తెలుసా? బజార్లో నాలుగు బండ్ల దగ్గర పల్లీలు కొన్నాను. ఏ కాగితంలో కడుతున్నారో చూద్దామని. అన్నీ పాత పరీక్ష పేపర్లే. నాలుగు పొట్లాల పల్లీలు తిని కడుపు నొప్పి తెచ్చుకున్నాను. నవ్వు, నవ్వుకో. నేనయితే ఆ రోజు నవ్వలేదు.

నిన్న భీమమ్మ మీద అరిచేశాను. "పుస్తకం ఇయ్యడానికి గింత బాధేంది, మింగిండ్రా ఏంది?" అన్నాను, పది మంది ముందు. ఆమె లోపలికి పోయింది.

ఇంకొక సంగతి రాయాలంటే చెయ్యి రావడం లేదు. పిల్లలు రావడం మానేశారు. ముప్పై ఎనిమిది మందిలో నిన్న పదకొండు మందే. నాగరాణి పన్నెండు రోజులుగా లేదు. మొన్న దారిలో కనిపించింది. నన్ను చూసి మేకల్ని పక్క సందులోకి తోలేసింది. పుస్తకాలు ఇవ్వకముందే నయం వదినా, అప్పుడు కనీసం పిల్లలైనా ఉండేవాళ్లు. నాకు ఇది చేతకాదేమో.

నిరోషా

*

వికారాబాద్
డిసెంబరు 6

నిరోషా,

కోపంగా ఉన్నాను, కాబట్టి కొంచెమే రాస్తాను.

సార్ ఒట్టు ఎలా గట్టు దాటిందో చెప్పలేదు కదా, ఇప్పుడు విను. "మా ఆడబిడ్డ అడిగింది. పుస్తకాలు పోతే ఈ గది తాళాలు మీ బల్ల మీద పెట్టి నేనూ పోతాను" అని పది మంది టీచర్ల ముందు అన్నాను. ఏడో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన దాన్ని నేను. ఈ గదిలో ఊడ్చే పనికి చేరి, ఊడుస్తూ ఊడుస్తూ ఇక్కడున్నవన్నీ చదివాను. ఇది నాకు ఉద్యోగం ఒక్కటే కాదని నీకు వేరే చెప్పాలా? నిజం అక్టోబరులోనే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏదో ఒకటి ఆలోచించేవాళ్లం.

చేతకాదని రాశావు. ఆ మాట నేను చదవలేదనుకుంటాను. ఇక ఎవరింటికీ పోయి పుస్తకం అడగకు. ఊరికే పో. చాప వేస్తే కూర్చో, నీళ్లు ఇస్తే తాగు. ముందు నాగరాణి ఇంటికే పో.

పద్మారాణి

*

తాండూరు
డిసెంబరు 20

వదినా వదినా వదినా,

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు, తప్పులుంటే సర్దుకో!

ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే నాగరాణి ఇంటికి పోయాను. పుస్తకం మాట ఎత్తలేదు. హన్మమ్మ చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. మేకల గురించి, వాళ్ల పుట్టిల్లు కర్ణాటక గురించి, చలి గురించి మాట్లాడుకున్నాం. దేవప్ప సగం తెలుగు సగం కన్నడంలో ఏదో జోకు చెప్పాడు, అర్థం కాకపోయినా నవ్వాను. గంట కూర్చున్నాక నా కళ్లు గూట్లోకి పోయాయి. అక్కడొక స్టీలు గిన్నె, అందులో కొత్త జాకెట్ గుడ్డలో చుట్టిన మూట. నా చూపు పట్టేసి హన్మమ్మే దించి విప్పింది. సముద్రం పుస్తకం! అంచు కూడా నలగలేదు.

ఇక ఆగలేకపోయాను. "ఇంత మంచిగ దాస్కున్నవ్, మరి ఇయ్యవేందక్కా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఖాళీ చేతులతోని ఎట్లిస్తం బిడ్డా? గిన్నె లెక్క అని నువ్వే చెప్పినవ్ గద. ఒగలింటి గిన్నె మనమెప్పుడన్న ఉత్తగ తిరిగి ఇస్తమా?"

వదినా, నేను నెత్తి కొట్టుకున్నాను. అమ్మ మాకు చిన్నప్పటి నుంచి నేర్పింది ఏమిటి? పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపితే ఇంటికి మంచిది కాదని, ఏదో ఒకటి వేసి పంపాలని కదా! గిన్నె అని చెప్పిందీ నేనే, ఆ మాటకు మురిసిపోయిందీ నేనే.

"సీతాఫలాలు పెట్టి పంపినం. గవి వద్దన్నరంట, మీ వదినె రాసిందంట. చిన్న సొమ్ము పంపినమని మేమే సిగ్గుపడ్డం. గింత పెద్ద పుస్తకానికి కాయేందే అనుకున్నరేమో అని. అందుకే అందరం అనుకున్నం, కందులు ఇంటికి రానీ, తవ్వెడు తవ్వెడు కందులు పోసి ఇద్దమని."

కంది కోసి కొట్టినందుకు వీళ్లకు కూలి కింద గింజలే ఇస్తారు. ఇళ్లన్నీ ఆ కందుల కోసమే ఆగాయి. మరి పిల్లల్ని ఎందుకు మాన్పించారంటే, "తీస్కున్నది ఇయ్యకుండ మళ్ల ఏ మొకం పెట్టుకొని పోతరు?" అంది. నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ చేశాను. తలుపు వెనక నుంచి నాగరాణి తొంగి చూస్తోంది. రావే అన్నాను. వచ్చి నా పక్కన కూర్చుని పుస్తకం తెరవకుండానే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గడగడా చెప్పేసింది. బొమ్మల కింద రాసిన మాటలతో సహా.

ఇప్పుడు అసలు చిక్కు. ఈసారి వానలు ఆలస్యమై కంది కోత ఆలస్యమైంది. గింజలు చేతికి వచ్చేసరికి ఫిబ్రవరి అవుతుంది. మీటింగేమో జనవరి ఇరవై అయిదు. "ఏం వద్దక్కా, ఉత్తగనే ఇయ్యుండ్రి" అన్నాను. హన్మమ్మ మొహం ఎర్రబడింది. "గా మాట అనకు. మేం అడుక్కునేటోళ్లం గాదు" అంది.

ఏం చెయ్యాలో చెప్పు. తొందరగా చెప్పు!

నిరోషా

*

వికారాబాద్
డిసెంబరు 27

నా బంగారు ఆడబిడ్డకు,

పండుగ కేకు డబ్బాతో పాటు ఈ ఉత్తరం.

నీ ఉత్తరం చదివి గదిలో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి చివరికి ఏడుపొచ్చింది. తప్పు నీ ఒక్కదానిదేనా? పదహారు ఇళ్లు మర్యాద చేసి పంపితే చీమలు పట్టాయని తిరగ్గొట్టింది నేను. సార్ రెండు వేళ్లతో పట్టుకున్న ఏనుగే నా కళ్లకు కనబడింది గానీ, పుస్తకానికొక కాయ ఎందుకు వచ్చిందో తట్టలేదు. మా అమ్మ పక్కింటి గిన్నెలో వెయ్యడానికి ఏమీ లేని రోజు పెరట్లోకి పోయి కరివేపాకు రెమ్మ తుంచి వేసేది. అది చూస్తూ పెరిగిన దాన్ని నేను!

రెండు రోజులు ఆలోచించాను. ఖాళీగా ఇవ్వమనకు. కందులూ అడగకు. ఈ గదిలో రెండు వేల పుస్తకాలున్నాయి. సముద్రం ఉంది, ఏనుగు ఉంది, మంచు కొండలున్నాయి. మేక జబ్బు పడితే ఎలా తెలుస్తుందో ఒక్క పుస్తకంలోనూ లేదు. బండ ఎలా పగులుతుందో లేదు, కంది చేను గురించి లేదు. నిన్న వెతికి మరీ చూశాను. అది అడుగు వాళ్లను. ప్రతి పుస్తకంలో ఒక కాగితం పెట్టి పంపమను. అమ్మ చెప్పాలి, పిల్లలు రాయాలి. పాటైనా సరే, కథైనా సరే, పనిలో తెలుసుకున్న సంగతైనా సరే. జాలిపడి ఇలా అడుగుతున్నానని అనుకోనీయకు. "వికారాబాద్ పిల్లలకు ఇయ్యేం తెల్వవట, మా వదిన అడుగుతుంది" అని చెప్పు. అబద్ధం కూడా కాదు. మాకు నిజంగానే తెలియవు.

ముందు భీమమ్మ ఇంటికి పోయి తప్పయిందని చెప్పు. నా తరఫున కూడా చెప్పు.

ఇరవై తొమ్మిది రోజులున్నాయి. పరుగెత్తు!

వదిన

*

తాండూరు
జనవరి 24

వదినా,

బాబాయి రేపు పొద్దున మొదటి బండికే బయలుదేరుతున్నాడు. మీటింగు పదకొండుకు కదా? పదింటికల్లా పెట్టె నీ ముందు ఉంటుంది. కూరగాయల గంప రేపటికి మానేశాడు, పెట్టె ఒక్కటే మోస్తానన్నాడు.

నలభైకి నలభై! లెక్కపెట్టుకో. నేను ఏడుసార్లు పెట్టాను.

ఈ నెల ఎలా గడిచిందో తెలియదు. భీమమ్మ దగ్గరికి పోయి చేతులు పట్టుకుంటే, "నువ్వు అర్సినవని గాదు, పుస్తకం మింగిండ్రా అంటివి సూడు, గందుకు నవ్వొచ్చి లోపలికి పోయిన" అంది. నమ్మాలో వద్దో తెలియలేదు గానీ, ఆ రోజు నుంచి అందరి ఇళ్లకూ నాతో తిరిగింది. "మాకేం తెలుసు, మేం సద్వుకోలే" అన్న ప్రతి ఆడమనిషినీ ఆమే దారికి తెచ్చింది. "సద్వుకున్నోళ్లకు తెల్వకనే గద అడుగుతుండ్రు" అని.

ముప్పై ఎనిమిది మందీ తిరిగి వచ్చారు. సాయంత్రం షెడ్డు చూడాలి నువ్వు! తల్లులు కూడా బండల మీద కూర్చుని చెబుతూ ఉంటే పిల్లలు రాస్తున్నారు. "గట్ల గాదే, నేను చెప్పినట్టే రాయి" అని తల్లులు, "జర మెల్లగ చెప్పు, చెయ్యి నొస్తుంది" అని పిల్లలు. కాగితాలు చాలక మా ఫ్యాక్టరీ పాత లోడు చీటీల వెనకవైపు రాశారు. సేటును అడిగే తీసుకున్నాను, భయపడకు. మొన్న సేటు కూడా వచ్చి, వాళ్ల తాత బండ మీద చెవి పెట్టి విని, పగులు ఎటు పోతుందో చెప్పేవాడని రాయించాడు.

పుస్తకంలో ఒక్కొక్క కాగితం పెడదామనుకున్నాం కదా, భీమమ్మ ఒప్పుకోలేదు. ఇడిచిపెడితే గాలికి పోతాయంది. గోనె సంచులు కుట్టే దబ్బనం తెచ్చి, పురికొసతో అన్నిటినీ కలిపి కుట్టేసింది. కంది సంచి ముక్కతో అట్ట వేసింది. కాబట్టి పెట్టెలో నలభై ఒక్క పుస్తకాలున్నాయి వదినా!

మొదటి కాగితం నాగరాణిది. దాన్ని నువ్వు చదివేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను: "మేకలు మేత వదిలి అన్నీ ఒక దిక్కు తలలు పెట్టి నిలబడితే గంటలో వాన పడుతుంది. మా అమ్మ చెప్పింది. నేను మూడుసార్లు చూశాను. రెండుసార్లు పడింది. ఒకసారి పడలేదు."

పెట్టె అడుగున మూడు ముళ్లు వేసిన చిన్న మూట ఉంటుంది. వద్దంటే హన్మమ్మ వినలేదు. కోసిన చేలల్లో రాలిన కందులు ఏరి తెచ్చింది, దోసెడు ఉంటాయి. "కాగితం మీ వదినె అడిగింది, పెట్టినం. గిది మా మర్యాద. కందులు చితకవు, చీమలు పట్టవు, మీ వదినెకు చెప్పు" అంది. చెప్పాను.

రేపు పదకొండు నుంచి నా ప్రాణం ఇక్కడ ఉండదు. తాళాలు మాత్రం ఎవరికీ ఇవ్వకు!

నిరోషా

*

వికారాబాద్
జనవరి 31

నిరోషా,

ఆ రోజు ఫోన్లో "గెలిచినమే!" అని అరిచి పెట్టేశాను కదా, మిగతాదంతా కాగితం మీదే చెబుతానని. వారం రోజులు నిన్ను ఊరించినందుకు నాకేమీ బాధ లేదు.

పెట్టె పదింటికి రాలేదు. బండి గంటన్నర లేటు. పదకొండుకు టీచర్లంతా కూర్చున్నారు, దౌల్తాబాద్ పంతులమ్మ కూడా వచ్చి కూర్చుంది. నేను తాళాల గుత్తి కొంగుకు ముడి వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. పదకొండున్నరకు సార్ గడియారం చూసి, "ఇక చాలమ్మా" అన్నారు. అప్పుడే బజారు మలుపులో మత్తయ్య బాబాయి, నెత్తిన పెట్టె, పరుగు! ఆ వయసులో ఆ పరుగు ఎవరూ నమ్మరు.

సార్ ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టారు. నలభై అన్నాక ఆగారు. "ఇదేంటి, ఇది మనది కాదే" అంటూ సంచి అట్ట పుస్తకం పైకెత్తారు. సీతాఫలాల దగ్గర నుంచి కందుల దాకా అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన కళ్లజోడు పెట్టుకుని నాగరాణి కాగితం పైకి చదివారు. "ఒకసారి పడలేదు" దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. తొమ్మిదేళ్లుగా ఆయన్ను చూస్తున్నాను, పళ్లు కనబడేలా నవ్వడం మొదటిసారి చూశాను. తర్వాత పక్కన ఉన్న టీచర్ చదివారు, ఆ తర్వాత దౌల్తాబాద్ పంతులమ్మ లాక్కుని చదివింది. భోజనాలు చల్లారిపోయాయి. సార్ రిజిస్టర్ తెప్పించి తన చేత్తో ఎక్కించారు, "తాండూరు పిల్లలు, తల్లులు రాసినది" అని.

తాండూరుకు పెట్టె ఆగదు. దౌల్తాబాద్‌కు వేరే పెట్టె, సార్ తన ఇంటి బీరువా పుస్తకాలతో నింపి ఇచ్చారు. తాళాలు నా కొంగునే ఉన్నాయి.

రేపు బాబాయితో నలభై కొత్త పుస్తకాలు వస్తున్నాయి. సముద్రంలో చేపల గురించి ఒకటి నాగరాణి కోసం పైనే పెట్టాను. కానీ మీ పుస్తకం మాత్రం రావడం లేదు. ఇక్కడి పిల్లలు వరస కట్టి చదువుతున్నారు. ఆరుగురు గొర్రెల మేకల తేడా మీద కొట్టుకున్నారు కూడా. పైగా అది మేం చేబదులు తీసుకున్న గిన్నె కదా, ఖాళీగా ఎలా తిరిగి ఇస్తాం? హన్మమ్మ కందుల్ని నేను పప్పు చేద్దామనుకుంటే సార్ వండనివ్వలేదు. వాన పడగానే గది వెనక ఖాళీ జాగాలో విత్తుతారట. అవి కాసాక వాటితోనే మీ పుస్తకం తిరిగి ఇస్తారట. కొంచెం ఆగమని తల్లులందరికీ చెప్పు. మాకూ సిగ్గుగానే ఉంది.

మీ వదిన
పద్మారాణి

*

తాండూరు
ఫిబ్రవరి 7

వికారాబాద్ పుస్తకాల అక్కకు,

నేను నాగరాణిని. ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మీ ఉత్తరం టీచరమ్మ షెడ్డులో అందరికీ చదివింది. ఏ ముక్కా దాచలేదు.

చేపల పుస్తకం రెండుసార్లు అయిపోయింది. మేకలకు నచ్చలేదు, నాకు నచ్చింది. శనివారం తిరిగి పంపుతాను. అందులో పెట్టడానికి అమ్మ ఇంకో సంగతి చెప్పింది, రాస్తున్నాను.

మీరు మా పుస్తకం ఇంకా ఇవ్వలేదని అమ్మకు చెప్పాను. మీకు సిగ్గుగా ఉందని కూడా చెప్పాను. అమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత ఇలా రాయమంది:

"ఫికర్ చెయ్యకుండ్రి. మాకేం తొందర లేదు. ముందుగాల మీ కందులు ఇంటికి రానీ."

నాగరాణి
ఆరో తరగతి